పిల్లవాడి చేతి మీద వాతలు కనిపిస్తే విచారించవలసిన బాధ్యత ఎవరిది?

రాజోలు దగ్గర ఒక లంక గ్రామం నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆమె చెప్పిన విషయం క్లుప్తంగా ఇది. పక్క ఇంట్లో పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి పెదనాన్న దగ్గర పెరుగుతున్నారు. తల్లి మూడేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. తండ్రి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అమ్మాయి ఈ ఏడాది బడి మానేసి రొయ్యల తలలు తీసే షెడ్డుకు వెళుతోంది. అబ్బాయి మోచేతి మీద రెండుసార్లు కాల్చిన వాతలు కనిపించాయి. ఈ సంగతి అంగన్‌వాడీ టీచరుకు చెబితే ఆరేళ్లు దాటిన పిల్లలు తన పరిధి కాదన్నారు. పోలీస్ స్టేషన్‌లో చెబితే ఇది ఇంటి వ్యవహారమనీ, తల్లి వచ్చి ఫిర్యాదు ఇస్తే చూస్తామనీ అన్నారు. సచివాలయం నుంచి మహిళా పోలీసు ఒకసారి వచ్చి, అరుగు మీద కూర్చుని పెదనాన్నతో మాట్లాడి వెళ్లిపోయారు. "నేను వాళ్లకు బంధువును కాదు. నేను చెబితే అధికారులు విచారించి తీరాలా, లేక అది వాళ్ల దయా? విచారిస్తే పిల్లలను తీసుకువెళ్లి ఏదో హోంలో పడేస్తారా?" అన్నది ఆమె ప్రశ్న.

విచారించి తీరాలి. అది ఎవరి దయా కాదు. సమాచారం ఇచ్చినవారు బంధువులా, పొరుగువారా, రేవులో చూసి వెళ్లిన దారినపోయేవారా అన్న తేడా ఈ విషయంలో చట్టం చూడదు. రుజువులు మీరే తేవాలని కూడా అడగదు. నిజమో కాదో తేల్చడానికే విచారణ ఉన్నది. రుజువు తెస్తేనే విచారిస్తామనడం, రోగం పేరు చెబితేనే నాడి చూస్తానని వైద్యుడు అన్నట్టు ఉంటుంది. నేను ఈ డెల్టాలో ఇరవై ఏళ్లకు పైగా న్యాయవాద వృత్తిలో ఉన్నాను. మధ్యలో ఒక మూడేళ్లు బాలల సంక్షేమ కమిటీలో సభ్యత్వం కూడా నిర్వహించాను. అక్కడ చూసినదాన్ని, చట్టంలో ఉన్నదాన్ని రెండింటినీ కలిపి చెబుతాను, ఎందుకంటే ఒకటి లేకుండా రెండోది మీకు పనికిరాదు.

ముందుగా రెండు మాటలను విడదీసుకోవాలి. మనం వాడుకలో విచారణ, దర్యాప్తు అనే మాటలను ఒకే అర్థంలో వాడుతాం. పిల్లల విషయంలో ఇవి రెండు వేర్వేరు పనులు, వేర్వేరు అధికారులవి. నేరం జరిగిందా, ఎవరు చేశారు, ఏ సాక్ష్యం ఉంది అన్నది పోలీసులు చేసే దర్యాప్తు. ఈ బిడ్డ ఇవాళ రాత్రి ఎక్కడ నిద్రపోవాలి, ఎవరి దగ్గర ఉంటే క్షేమం, బడికి ఎలా తిరిగి వెళ్లాలి అన్నది బాలల సంక్షేమ కమిటీ చేసే విచారణ. మొదటిది తేలేవరకు రెండోది ఆగనక్కరలేదు; మొదటిది అసలు మొదలుకాకపోయినా రెండోది నడవాలి. నేను చూసిన ఆలస్యాలలో సగానికి పైగా ఈ రెండింటినీ ఒకదానికొకటి ముడిపెట్టడం వల్ల వచ్చినవే. స్టేషన్‌లో కేసు కాలేదు కనుక మేము ఏమీ చేయలేమని ఒక కార్యాలయం, వాళ్లు పిల్లలను ఎక్కడ ఉంచాలో చెప్పలేదు కనుక మేము కదలలేదని మరో కార్యాలయం చెప్పుకుంటూ ఉంటే, మధ్యలో ఆ బిడ్డ అదే ఇంట్లో ఉంటాడు.

ఇక కమిటీ సంగతి. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం, అంటే బాల న్యాయ చట్టం, 2016 జనవరి 15 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ప్రతి జిల్లాకు కనీసం ఒక బాలల సంక్షేమ కమిటీ ఉండాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. అందులో కనీసం ఒకరు మహిళ. ఈ కమిటీ సలహా సంఘం కాదు. దానికి ఫస్ట్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలను చట్టం ఇచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారిన తర్వాత మీ ఊరు అమలాపురం కేంద్రంగా ఉన్న కోనసీమ జిల్లాలోకి వచ్చింది కనుక, మీరు కాకినాడకో రాజమహేంద్రవరానికో తిరగనక్కరలేదు. ఎవరైనా ఆ పాత చిరునామా చెప్పి పంపితే, మీ జిల్లా బాలల సంరక్షణ విభాగం ఎక్కడుందో పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేసి అడగండి.

ఎలాంటి బిడ్డ ఈ కమిటీ ముందుకు రావచ్చు అన్న నిర్వచనం ఆ చట్టంలో రెండో సెక్షన్‌లో ఉంది. అనాథలకు మాత్రమే అనుకోవడం మన జిల్లాల్లో బాగా పాతుకుపోయిన పొరపాటు. ఎవరి దగ్గర ఉంటున్నాడో ఆ మనిషే గాయపరిచినా, దోపిడీ చేసినా, నిర్లక్ష్యం చేసినా ఆ బిడ్డ సంరక్షణ అవసరమైన బిడ్డే. ఆ మనిషి చట్టప్రకారం సంరక్షకుడా కాదా అన్నదానితో పని లేదు. కార్మిక చట్టాలకు విరుద్ధంగా పనిలో ఉన్న బిడ్డా అంతే. వయసు రాకముందే పెళ్లి చేసే ప్రమాదం ముంచుకువచ్చిన బిడ్డా అంతే. మీరు చెప్పిన ఇద్దరిలో అబ్బాయి మొదటి కారణం కింద, అమ్మాయి రెండో కారణం కింద స్పష్టంగా వస్తారు. పెదనాన్న బతికే ఉన్నాడు, తల్లి డబ్బు పంపుతోంది అన్నవి జవాబులు కావు.

చట్టంలో నేను అందరికీ చూపించే వాక్యం ముప్పై ఆరో సెక్షన్‌లో ఉంది. బిడ్డను కమిటీ ముందు హాజరుపరచినప్పుడు గానీ, బిడ్డ గురించి రిపోర్టు అందినప్పుడు గానీ కమిటీ విచారణ జరపాలి అని అందులో ఉంది. జరపవచ్చు అని కాదు, జరపాలి. బిడ్డను తీసుకువస్తేనే అని కూడా కాదు, రిపోర్టు అందినా సరే. ఈ ఒక్క మాట తెలియక, పెదనాన్న కళ్లుగప్పి పిల్లవాడిని ఆటో ఎక్కించి తీసుకువచ్చిన పొరుగువారిని నేను చూశాను. వారి మీదే ఎదురు ఫిర్యాదు వచ్చింది. మీరు ఆ పని చేయవద్దు. కాగితం పంపండి, చాలు. ఆ కాగితం ఎవరైనా పంపవచ్చు: పోలీసు, ప్రభుత్వ ఉద్యోగి, ఆసుపత్రి డాక్టరు, నర్సు, ఒక మామూలు పౌరుడు, చివరికి ఆ బిడ్డ కూడా. ఎవరూ పంపకపోయినా, ముగ్గురు సభ్యులు నిర్ణయించుకుంటే కమిటీ తనంతట తానే విషయాన్ని చేపట్టవచ్చు. చేపట్టడం దాని విధుల జాబితాలోనే ఉంది.

రిపోర్టు అందాక గడియారం నడవాలి. కమిటీ ఒక సామాజిక కార్యకర్తను గానీ, బాలల సంక్షేమ అధికారిని గానీ, స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారిని గానీ సామాజిక పరిశోధనకు పంపుతుంది. ఆ పరిశోధన పదిహేను రోజుల్లో పూర్తికావాలి. బిడ్డను మొదట హాజరుపరచిన రోజు నుంచి నాలుగు నెలల్లో చివరి ఉత్తర్వు రావాలి. ప్రమాదం కనిపించి బిడ్డను ఇంటి నుంచి బయటకు తీసుకువస్తే, ప్రయాణ సమయం మినహా ఇరవై నాలుగు గంటల్లో కమిటీ ముందు హాజరుపరచాలి. పంటు దాటి, ఏటిగట్టు మీదుగా వచ్చే మన ఊళ్లకు ఆ మినహాయింపు న్యాయమైనదే, కానీ మూడు రోజులు ఆలస్యమైతే దాన్ని గోదావరి మీద పెట్టడానికి వీలులేదు. ఇవాళ కమిటీ కూర్చోలేదు అన్న సాకు కూడా నిలవదు. కమిటీ నెలలో కనీసం ఇరవై రోజులు సమావేశం కావాలి. సమావేశం లేని వేళ ఒక్క సభ్యుని ముందు హాజరుపరచినా ఆ సభ్యుడు తాత్కాలికంగా ఎక్కడ ఉంచాలో ఉత్తర్వు ఇవ్వవచ్చు. నేను సభ్యత్వంలో ఉన్న రోజుల్లో రాత్రి పదకొండు గంటలకు మా ఇంటి వరండాలో అలా ఉత్తర్వులు రాసిన సందర్భాలు ఉన్నాయి.

ఆ పరిశోధన ఎలా ఉండాలో కూడా మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే మీ ఊళ్లో ఒకసారి జరిగింది పరిశోధన కాదు. పెదనాన్నతో అరుగు మీద మాట్లాడి వెళ్లడం విచారణ అనిపించుకోదు. అది ఒక విధంగా హాని కూడా, ఎందుకంటే ఎవరో ఫిర్యాదు చేశారన్న సంగతి ఆయనకు ముందుగా తెలిసిపోయింది. ఆ మహిళా పోలీసును నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఒక్క మనిషి మీద సచివాలయంలో ఎన్ని పనులు పడతాయో నాకు తెలుసు. ఆమెకు ఎవరూ పద్ధతి నేర్పలేదేమో కూడా. కానీ పద్ధతి అంటే ఇది: బిడ్డతో విడిగా, భయం లేని చోట మాట్లాడాలి. ఒంటి మీద గాయాలుంటే డాక్టరుకు చూపించాలి. బడిలో హాజరు పట్టీ చూడాలి. అమ్మమ్మ, మేనమామ, పిన్ని వంటి దగ్గరివారు ఎవరున్నారో, వారిలో ఎవరికి మనసూ స్థోమతా ఉన్నాయో కనుక్కోవాలి. బిడ్డ మాట వినడం, వయసుకు తగ్గట్టు దానికి విలువ ఇవ్వడం చట్టం మూడో సెక్షన్‌లో రాసిన సూత్రాలలో ఒకటి. ఎనిమిదేళ్ల పిల్లవాడు పెదనాన్న ఎదురుగా "పొయ్యి మీద పడ్డాను" అని చెబుతాడు; విడిగా కూర్చోబెట్టి, ముందు వాడి బడి గురించి, వాడి స్నేహితుల గురించి అడిగితే ఏం చెబుతాడో అప్పుడు తెలుస్తుంది.

పోలీసుల బాధ్యత దగ్గరకు వస్తే కొంచెం జాగ్రత్తగా చదవండి, ఇక్కడ చట్టం ఈమధ్య మారింది. ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఎ.ఎస్.ఐ. హోదాకు తగ్గని ఒకరు బాలల సంక్షేమ పోలీసు అధికారిగా ఉండాలి. జిల్లాకు ఒక ప్రత్యేక బాలల పోలీసు విభాగం, డి.ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి కింద ఉండాలి. కాబట్టి స్టేషన్‌కు వెళ్లినప్పుడు గేటు దగ్గర కనిపించినవారికి కథంతా చెప్పకండి. బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరని అడగండి. ఆ మాట అడగడంతోనే చాలాచోట్ల ధోరణి మారుతుంది.

బిడ్డ బాధ్యత చేతిలో ఉన్నవారు కొట్టడం, హింసించడం, కావాలని నిర్లక్ష్యం చేయడం బాల న్యాయ చట్టం డెబ్బై ఐదో సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. అయితే 2021లో ఈ చట్టాన్ని సవరించారు; 2022 సెప్టెంబర్ 1 నుంచి ఆ సవరణ అమలులో ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న ఈ చట్టపు నేరాలలో మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేని స్థితి దానివల్ల వచ్చింది. ఆ సవరణ పిల్లలకు మేలు చేయలేదని నా గట్టి అభిప్రాయం. స్టేషన్‌లో ఈ కారణం చూపి మిమ్మల్ని పంపివేయవచ్చు కనుక రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, అలాంటి నేరమైనా సమాచారాన్ని పుస్తకంలో నమోదు చేసి మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరకు పంపడం పోలీసుల విధి. ఊరికే తిప్పి పంపడానికి వీలులేదు. రెండు, కాల్చిన వస్తువుతో గాయపరచడం భారతీయ న్యాయ సంహిత, అంటే పాత ఐ.పి.సి. స్థానంలో వచ్చిన చట్టం, నూట పద్దెనిమిదో సెక్షన్ కింద విడిగా నేరం, దానికి మేజిస్ట్రేటు ముందస్తు ఉత్తర్వు అక్కరలేదు. వాత అంటే అదే. కనుక మీ కాగితంలో "హింసిస్తున్నారు" అని రాసి వదిలేయకుండా, "కాల్చిన వస్తువుతో పెట్టినట్టున్న వాత, కుడి మోచేయి కింద, ఫలానా తేదీన చూశాను" అని రాయండి. మాట ఎంత స్పష్టంగా ఉంటే, ఎదుటివారికి తప్పించుకునే దారి అంత తగ్గుతుంది.

పోలీసులు దర్యాప్తు చేయదగిన నేరం సమాచారంలో కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లలితా కుమారి కేసులో 2013 నవంబర్ 12న తీర్పు ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి పాత సి.ఆర్.పి.సి. స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నూట డెబ్బై మూడో సెక్షన్ అదే బాధ్యతను కొనసాగించింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. నోటితో చెప్పవచ్చు, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి మూడు రోజుల్లో సంతకం చేయవచ్చు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలలో మాత్రం డి.ఎస్.పి. అనుమతితో పద్నాలుగు రోజుల్లో ముగించవలసిన ప్రాథమిక విచారణకు వీలు కల్పించారు. ఆ పద్నాలుగు రోజులు దాటాక "ఇంకా విచారిస్తున్నాం" అన్న మాటకు చోటు లేదు. తల్లి వచ్చి ఫిర్యాదు ఇవ్వాలన్న షరతు ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

పరిధి గొడవ మన ప్రాంతంలో ఎంత నష్టం చేస్తుందో నాకు ఎదురైన ఒక సంఘటన చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక రేవులో పదేళ్ల పిల్లవాడు రాత్రి ఒంటరిగా దొరికాడు. ఇల్లు ఏటికి అటు గట్టున, దొరికింది ఇటు గట్టున. మీది మా పరిధి కాదని ఒక స్టేషన్, దొరికిన చోటే నమోదు కావాలని రెండో స్టేషన్ వాదించుకుంటుండగా, ఆ పిల్లవాడిని పంటు టిక్కెట్లు ఇచ్చే అతను తన ఇంట్లో రెండు రోజులు ఉంచుకుని అన్నం పెట్టాడు. ఆ మనిషి మంచివాడు కాబట్టి సరిపోయింది. కుటుంబం నుంచి విడిపోయి దొరికిన బిడ్డ విషయంలో ఇరవై నాలుగు గంటల్లో చైల్డ్‌లైన్‌కో, పోలీసులకో, కమిటీకో, జిల్లా బాలల సంరక్షణ విభాగానికో తెలియజేయకపోవడం నేరమనీ, ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల జరిమానా ఉందనీ ఆ రేవులో ఎవరికీ తెలియదు. ఇక తప్పిపోయిన బిడ్డ గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్.ఐ.ఆర్. తప్పదని, అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో 2013 మేలోనే ఆదేశించింది.

అమ్మాయి విషయం వేరే దారిలో కూడా నడపవచ్చు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబపు పనికి సాయం చేయడం వంటి మినహాయింపులు ఉన్నాయి గానీ, కూలి ఇచ్చే రొయ్యల షెడ్డు వాటిలోకి రాదు. షెడ్డు యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా ఇరవై వేల నుంచి యాభై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగలిగిన నేరం. లేబర్ ఆఫీసరుకు ఒక కాపీ పంపండి. బడి మానేసిన సంగతి మండల విద్యాశాఖాధికారికి రాయండి: 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల నమోదు, హాజరు, చదువు పూర్తికావడం చూసే బాధ్యతను స్థానిక సంస్థ మీద పెట్టింది.

అంగన్‌వాడీ టీచరు చెప్పినది పౌష్టికాహారం వరకు నిజమే. కానీ బిడ్డను కమిటీ ముందుకు తీసుకువెళ్లగలవారి జాబితాలో ప్రభుత్వ ఉద్యోగులను చేర్చినప్పుడు వయసు గీత ఏదీ గీయలేదు. ఆమెతో తగవు పెట్టుకోకండి. ఊళ్లో ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. రేపు సామాజిక పరిశోధనకు వచ్చినవారు ముందు కలిసేది ఆమెనే.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టే విషయం. మీరు ఇప్పటివరకు ముగ్గురికి చెప్పారు, ముగ్గురికీ నోటితోనే. ఒకసారి మా కమిటీ ముందుకు ఒక అమ్మాయి వచ్చేసరికి, ఆమె సంగతి ఊళ్లో ఐదు నెలలుగా నలుగురు ఉద్యోగులకు తెలుసునని తేలింది. ఎప్పుడు తెలిసింది అని అడిగితే ఏ ఒక్కరి దగ్గరా తేదీ లేదు. ఎవరికి వారు "వాళ్లకు చెప్పాను" అన్నారు. చెప్పినవారు అబద్ధమాడలేదు, విన్నవారూ అబద్ధమాడలేదు. కాగితం లేదు కనుక బాధ్యత ఎవరి మీదా నిలవలేదు, ఆ ఐదు నెలలకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆనాటి నుంచి నేను ఎవరు సలహాకు వచ్చినా ముందు తెల్లకాగితం చేతికిస్తాను.

ఒక్క పేజీ చాలు. పైన తేదీ, "చైర్‌పర్సన్, బాలల సంక్షేమ కమిటీ, అమలాపురం" అని చిరునామా, కింద జిల్లా బాలల సంరక్షణ అధికారికి, మీ స్టేషన్ హౌస్ ఆఫీసరుకు, కలెక్టరుకు ప్రతులు అని రాయండి. పిల్లల పేర్లు, సుమారు వయసు, ఇల్లు ఎక్కడ, ఎవరి దగ్గర ఉంటున్నారు. మీరు కళ్లారా చూసింది ఒక పేరాలో, ఇతరులు చెప్పగా విన్నది వేరే పేరాలో. ఈ రెండూ కలపకండి, రేపు మిమ్మల్ని అడిగినప్పుడు అదే మీకు రక్ష. అంతకుముందు ఎవరెవరికి ఏ నెలలో చెప్పారో, వారు ఏమన్నారో. చివర "బాల న్యాయ చట్టం సెక్షన్ 31 కింద ఈ రిపోర్టు సమర్పిస్తున్నాను, సెక్షన్ 36 ప్రకారం విచారణ జరిపించి, పిల్లలతో విడిగా మాట్లాడించి, వైద్య పరీక్ష చేయించవలసిందిగా కోరుతున్నాను" అన్న వాక్యం. స్వయంగా ఇస్తే ప్రతి మీద సంతకం, ముద్ర వేయించుకోండి. లేదా స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. పేరు బయటపడుతుందన్న భయం ఉంటే, అదే విషయాన్ని ముందు 1098కు ఫోన్‌లో చెప్పి, మీ పేరు పెదనాన్నకు తెలియనివ్వవద్దని కోరండి. ఫోన్ చేసిన తేదీ, సమయం, అవతల మాట్లాడినవారు చెప్పిన నమోదు సంఖ్య రాసి పెట్టుకోండి. 2023 నుంచి ఆ నంబరు ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చి అత్యవసర నంబరు 112తో అనుసంధానమైంది. ఇవాళ రాత్రే కొడుతున్న శబ్దం వినిపిస్తే ఉత్తరాలు, రశీదులు పక్కనపెట్టి 112కు ఫోన్ చేయండి.

పదిహేను ఇరవై రోజుల్లో ఎవరూ రాకపోతే తర్వాతి మెట్లు ఉన్నాయి. కమిటీ పనితీరు మీద ఫిర్యాదు వినే అధికారం జిల్లా కలెక్టరుదే. బిడ్డతో సంబంధం ఉన్న ఎవరైనా ఆ ఫిర్యాదు ఇవ్వవచ్చు, కలెక్టరు ఇరుపక్షాలను విని ఉత్తర్వు ఇవ్వాలి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చే అర్జీలో ఈ సంగతి స్పష్టంగా రాయండి, లేకపోతే అది పింఛన్ల కట్టలో కలిసిపోతుంది. స్టేషన్ నిరాకరిస్తే ఎస్.పి.కి రాతపూర్వకంగా, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటుకు. రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఫిర్యాదును విచారించేటప్పుడు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. మీ ఉత్తరం మీద ఏ చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి: మామూలుగా ముప్పై రోజులు, ప్రాణానికి గానీ స్వేచ్ఛకు గానీ సంబంధించినదైతే నలభై ఎనిమిది గంటలు. అన్నీ విఫలమైతే హైకోర్టులో రిట్. పిల్లలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టంలో ఉంది. 15100కు ఫోన్ చేసినా, మీ మండల న్యాయ సేవల కమిటీని కలిసినా సరిపోతుంది. నా అనుభవంలో నూటికి తొంభై విషయాలు కలెక్టరు మెట్టు దాటవు, కాగితం సరిగ్గా ఉంటే.

హోం గురించిన మీ భయానికి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ భయమే చాలామంది నోరు నొక్కుతోంది. బిడ్డను సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం మాత్రమే అని చట్టం మూడో సెక్షన్‌లోనే రాశారు. విచారణ ముగిశాక కమిటీ ముందు చాలా దారులు ఉంటాయి. పెదనాన్న ఇంట్లోనే ఉంచి, అధికారి పర్యవేక్షణ పెట్టవచ్చు. అమ్మమ్మనో పిన్నినో తగిన వ్యక్తిగా గుర్తించి వారికి అప్పగించవచ్చు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద బిడ్డకు నెలకు నాలుగు వేల రూపాయల స్పాన్సర్‌షిప్ సిఫారసు చేయవచ్చు. నేను చూసిన కుటుంబాలలో కొట్టేది కొన్నిసార్లు దుర్మార్గం వల్ల, చాలాసార్లు అప్పులూ తాగుడూ కలిసిన విసుగు వల్ల. రెండింటికీ ఒకే మందు పనికిరాదు, విచారణ ఉండేది ఆ తేడా కనుక్కోవడానికే. కమిటీ ఉత్తర్వు తప్పనిపిస్తే ముప్పై రోజుల్లో బాలల న్యాయస్థానానికి అప్పీలు చేసుకోవచ్చు.

పిల్లవాడి వాతల ఫోటోను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. బిడ్డను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం డెబ్బై నాలుగో సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. ఫోటో ఉంటే కాగితంతో పాటు కవరులో పెట్టి కమిటీకి మాత్రమే పంపండి.

మీరు రాయలేదు గానీ అడగక తప్పని ఒక విషయం. ఆ అమ్మాయి షెడ్డు నుంచి రాత్రి ఎవరితో వస్తోంది, ఎవరినైనా చూసి భయపడుతోందా, ఒంటరిగా ఉండనంటోందా? లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా, 2012 నాటి పోక్సో చట్టం పందొమ్మిదో సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పడం మీకే తప్పనిసరి అవుతుంది. అప్పుడు మీ సమాచారానికి నమోదు సంఖ్య ఇచ్చి, రాసుకుని, మీకు చదివి వినిపించాలి. ఇరవై నాలుగు గంటల్లో కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. నమోదు చేయని అధికారికీ శిక్ష ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద ఏ చర్యా ఉండదని అదే సెక్షన్‌లో రాశారు. మీరు ఆ అమ్మాయిని ప్రశ్నలతో తరచి అడగవద్దు. ఆమె తనంతట తాను చెబితే విని, చెప్పిన మాటలు ఆమె మాటల్లోనే రాసుకోండి.

చివరగా తల్లి సంగతి. ఫిర్యాదు ఇవ్వడానికి ఆమె అవసరం లేదు, కానీ విచారణలో ఆమె మాట వినడం చాలా అవసరం. పిల్లలను వదిలి వెళ్లినందుకు తన మీదే కేసు పెడతారని ఆమె భయపడవచ్చు. కన్నవారు తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను వదలవలసి వస్తే, దాన్ని కావాలని చేసినదిగా చూడకూడదని డెబ్బై ఐదో సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. ఈ మాట ఆమెకు ముందే చెప్పండి. ఆమె యజమాని సెలవు ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు చేతిలో లేకపోయినా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో విన్నపం పెట్టవచ్చు. కమిటీ ఆమెతో వీడియో కాల్‌లో మాట్లాడటానికి అడ్డేమీ లేదు; మేము అలా ఇద్దరు ముగ్గురు తల్లులతో మాట్లాడాం, ఒకరు మాట్లాడినంతసేపూ తెర మీద బిడ్డ ముఖం చూపించమనే అడిగారు. ఆమె నంబరు మీ దగ్గర ఉంటే ఉత్తరం చివర రాయండి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, ఆమెకు ఇంటిపని మధ్య తీరిక దొరికే వేళ ఎప్పుడో కనుక్కుని, ఆ సమయాన్ని మన గంటల్లో పక్కనే వేయండి.